కార్పొరేషన్ ఆస్పత్రికి పోస్టులు, మందులు, నిధులు రాబట్టడం: చెన్నై తెలుగు సంఘాల కోసం

పేటలోని కార్పొరేషన్ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ లేరనో, షుగర్ మాత్రలు పదిహేను రోజులకే ఇస్తున్నారనో అర్జీలు పెట్టేవాళ్లు చెన్నైలో తక్కువేం కాదు. వాటిలో చాలావాటికి జవాబు రాదు. అధికారుల ఉదాసీనత ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. అడిగింది ఇవ్వగల కుర్చీ దగ్గరికి ఆ కాగితం చేరదు. చేరినా ఆ ఏడాది లెక్కలు మూసేశాక చేరుతుంది. సమయానికే చేరినా అందులో ‘మెరుగైన వైద్య సదుపాయాలు కల్పించ ప్రార్థన’ అని ఉంటుంది. ఆ వాక్యానికి ఏ పద్దు కిందా డబ్బు రాదు. ‘ఫలానా ఆస్పత్రికి ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఏడాదికి ఇంత ఖర్చు, ఫలానా పద్దు కింద’ అని రాస్తే, ఔననడానికో కాదనడానికో ఎవరో ఒకరు ఫైలు తెరవక తప్పదు.

వ్యాసర్పాడి, కొరుక్కుపేట, పులియంతోపు, రాయపురం వైపు తెలుగు కుటుంబాలున్న వీధుల సంఘాలను దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. నగరంలో మిగతా చోట్లకూ ఇదే వర్తిస్తుంది.

డబ్బు ఎవరి చేతిలో ఉంది

ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోవి. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు ప్రజారోగ్యాన్ని, పారిశుద్ధ్యాన్ని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ పనుల్లో చేర్చింది. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చాక కేంద్రం డబ్బు కూడా తోడయింది. 2015-16 నుంచి అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. దీనివల్ల ఒకే ఆస్పత్రిలో కట్టడం కార్పొరేషన్‌ది, నర్సు జీతం మిషన్‌ది, మాత్రలు తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ (ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు సరఫరా చేసే రాష్ట్ర సంస్థ) గోదామువి కావచ్చు. పక్క వీధిలో ‘నగర్పుర నలవాళ్వు మైయం’ (పట్టణ ఆరోగ్య, సంక్షేమ కేంద్రం) అని బోర్డున్న చిన్న కేంద్రానిది మరో దారి. కౌన్సిలర్ దగ్గరికెళ్లి నర్సును వేయించమంటే ఆయన తలూపుతారు తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు. ఆయన చేతిలో ఉన్నది కౌన్సిల్లో ప్రశ్న, తీర్మానం, వార్డు నిధి.

ఆ చిన్న కేంద్రాల సంగతి విడిగా చూడాలి. వాటికి మొదట్లో ప్రధాన ఆధారం 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన ఆరోగ్య గ్రాంటు. దేశం మొత్తానికి స్థానిక సంస్థల ద్వారా 70,051 కోట్ల రూపాయలు, 2021-22 నుంచి 2025-26 దాకా. అంటే గడువున్న డబ్బు. మీ వీధి కేంద్రంలో డాక్టరుకు, స్టాఫ్ నర్సుకు ఈ ఏడాది జీతం ఏ పద్దు నుంచి వస్తోంది, వచ్చే ఏడాదికి ఆ పద్దులో కేటాయింపు ఉందా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. గ్రాంటు మీద మొదలైన కేంద్రాలు చెప్పాపెట్టకుండా మూతపడవు. ముందు సాయంత్రం ఓపీ పోతుంది, తర్వాత నర్సును ఇంకోచోటికి పంపుతారు, చివరికి వారానికి మూడు రోజులే తెరుస్తారు. ఆ క్రమం మొదలుకాకముందే పద్దు సంగతి తేల్చుకుంటే పని సులువు.

కొలతలు కూడా దగ్గర ఉంచుకోండి. మిషన్ ప్రకారం 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మహానగరాల్లో 5 లక్షలకు ఒక కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రం. 2022 నాటి భారతీయ ప్రజారోగ్య ప్రమాణాలు చిన్న కేంద్రానికి 15,000 నుంచి 20,000 మంది అంటాయి. ప్రాథమిక కేంద్రంలో 172 మందులు, 63 పరీక్షలు ఉండాలన్నది కేంద్రం పెట్టుకున్న లెక్క. వీటిని ‘మా హక్కు’ అని వాదించడానికి వాడకండి, అవి చట్టం కావు. ‘మీ ప్రమాణం ఇది, మా దగ్గర ఉన్నది ఇది’ అని పక్కపక్కన పెట్టడానికి వాడండి. దానికి ఎదురుమాట ఉండదు.

కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది

డాక్టరో టెక్నీషియనో లేకపోవడంలో మూడు రకాలున్నాయి. అర్జీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మొదటిది, పోస్టే మంజూరు కాలేదు. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఏడాది, రెండేళ్ల పని. రెండోది, పోస్టు మంజూరై ఉంది కాని భర్తీ కాలేదు. డబ్బు ఎక్కడో ఓచోట రాసే ఉంటుంది కనుక ఇది నియామకం సమస్య. రెగ్యులర్ పోస్టయితే 2012లో ఏర్పాటైన మెడికల్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు వైపు చూడాలి. కాంట్రాక్టు పోస్టయితే మిషన్ నోటిఫికేషన్ వైపు. మూడోది అన్నిటికన్నా మామూలు, అన్నిటికన్నా తేలిక: మనిషి ఉన్నాడు, జీతం ఈ ఆస్పత్రి పేరుమీదే పడుతోంది, పని మాత్రం డెప్యుటేషన్ మీద ఇంకోచోట. దీనికి పైసా అక్కర్లేదు. జోన్ స్థాయిలోనో నగర ఆరోగ్యాధికారి స్థాయిలోనో ఒక ఆర్డరు చాలు. డెప్యుటేషన్ కేసుకు కొత్త పోస్టు కావాలని అడిగిన సంఘం రెండేళ్లు తిరుగుతుంది. రిజిస్టరు చూసి అడిగిన సంఘానికి రెండు వారాల్లో మనిషి తిరిగి రావచ్చు.

అందుకే సమాచార హక్కు దరఖాస్తులో ‘ఎంతమంది సిబ్బంది ఉన్నారు’ అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకూడదు. మంజూరైన పోస్టులు, జీతం తీసుకుంటున్నవాళ్లు, నిజంగా అక్కడ పనిచేస్తున్నవాళ్లు అని మూడు వరుసలు అడగాలి. పేర్లు అక్కర్లేదు, హోదాలు చాలు.

ఆధారాలు: పన్నెండు వారాల పట్టిక

ఆస్పత్రి ముందు పది ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడితే ఆ రోజుకి సందడి. అధికారి ముందు నిలబడేది పట్టిక.

మందులకు ఇలా చేయండి. పది మందులు ఎంచుకోండి: మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్ 5, అటెనొలాల్, పారాసిటమాల్, అమాక్సిసిలిన్, సాల్బుటమాల్, ఐరన్ ఫోలిక్ మాత్ర, ఓఆర్‌ఎస్, జింక్. వారానికి ఒకే రోజు, ఒకే వేళ, పన్నెండు వారాల పాటు చూసి ఉంది, లేదు, సగమే ఇచ్చారు అని మూడు గుర్తుల్లో ఏదో ఒకటి వేయండి. మూడో గుర్తును మర్చిపోతారు, నిజానికి అసలు సంగతి అక్కడే ఉంటుంది. షుగర్ రోగికి పూటకొకటి చొప్పున రోజుకు రెండు మెట్‌ఫార్మిన్ మాత్రలంటే నెలకు 60. కౌంటర్లో 30 చేతిలో పెడితే రిజిస్టరు ప్రకారం మందు ‘ఉంది’. ఆ మనిషి మాత్రం నెలకు రెండుసార్లు ఓపీ వరసలో నిలబడాలి. తెల్లవారకముందే చీపురు పట్టుకుని డ్యూటీకెక్కే పారిశుద్ధ్య కార్మికురాలికి పొద్దుటి ఓపీ ఎలాగూ అందదు. రెండోసారికి ఒక రోజు కూలీ పోగొట్టుకోవాలి, లేదంటే మాత్ర మానేయాలి. చాలామంది మాత్ర మానేస్తారు.

మందులు తగ్గడానికి ఒక కారణం తెలిసి ఉండాలి. తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ 1994లో ఏర్పడింది, 1995 నుంచి మందులు సరఫరా చేస్తోంది. ఒక్కో వైద్య సంస్థకు ఏటా ఇంత విలువ అని కేటాయింపు ఉంటుంది, ఆ మేరకే పాస్‌బుక్ మీద గోదాము నుంచి తెచ్చుకోవాలి. ఇండెంటు, అంటే కావాల్సిన మందుల కోరిక పత్రం, వేసేది నిరుడు వాడిన లెక్క చూసి. నిరుడు మందు లేక జనం రాకపోతే వాడకం తక్కువని నమోదవుతుంది, ఈ ఏడాది ఇండెంటు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ‘మందులు లేవు’ అని ఫిర్యాదు చేయడంతో ఆగకుండా, మందు దొరక్క వెనక్కి వెళ్లినవాళ్లను కూడా రిజిస్టరులో రాయమని అడగండి. ఫార్మసిస్టు ఒప్పుకుంటే సగం పని అయినట్టే. నిజానికి ఆమెకు కూడా అది మేలే, కౌంటర్ దగ్గర తిట్లు తినేది ఆమె కదా.

ఇంటింటి సర్వే పెద్దదిగా చేయబోయి మధ్యలో వదిలేస్తారు. 600 ఇళ్ల పేటలో ప్రతి ఐదో తలుపు తడితే 120 ఇళ్లు. నలుగురు వలంటీర్లకు రెండు ఆదివారాల పని. తెరిచిన తలుపుల్నే లెక్కలోకి తీసుకుంటే పని మీద బయటికెళ్లేవాళ్లంతా జారిపోతారు, ముసలివాళ్లే మిగులుతారు. మూసిన ఇంటికి సాయంత్రం మళ్లీ వెళ్లండి. ‘ఏడాదిలో మందులకు ఎంత ఖర్చయింది’ అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. జాతీయ నమూనా సర్వే సైతం జబ్బుల గురించి గత 15 రోజులు, ఆస్పత్రిలో చేరడం గురించి గత 365 రోజులు అడుగుతుంది. మీరూ అలాగే అడగండి. టీబీ, హెచ్‌ఐవీ రోగుల పేర్లు, ఇంటి నంబర్లు కాగితం మీద పెట్టకండి. హెచ్‌ఐవీ స్థితిని అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. చట్టం మాట అలా ఉంచినా, ఒక్కసారి పేరు బయటికి పొక్కితే ఆ వీధిలో మీ సర్వేకు మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెన్నై జిల్లా అంకెలున్నాయి, 2019-21వి. అవి మొత్తం జిల్లావి. వాటిని మీ వార్డు అంకెలుగా రాస్తే ఆరోగ్య శాఖలో గణాంకాలు చూసేవాళ్లు మొదటి పేజీలోనే పట్టేస్తారు, మిగతా పేజీలు చదవరు.

సమాచార హక్కు దరఖాస్తు

చట్టంలోని 6(1) ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో, లేదా ఆ ప్రాంత అధికార భాషలోనో ఉండాలి. చెన్నైలో అంటే తమిళం లేదా ఇంగ్లీషు. తెలుగులో పంపితే తిరిగొస్తుంది. రుసుము 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించి పంపడం ఇక్కడ తేలిక పద్ధతి, రాష్ట్ర ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. జవాబుకు 30 రోజులు. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని తీర్పు మీద 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు ఆఫీసుకు వెళ్లినా 6(3) కింద వాళ్లే అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలి. అందువల్ల కార్పొరేషన్‌కా, మిషన్‌కా అని తేలక ఆగిపోవద్దు.

‘ఎందుకు వేయలేదు’, ‘ఎప్పుడు వేస్తారు’ అని అడగకూడదు. ఉన్న రికార్డు ఇవ్వడం వరకే వాళ్ల బాధ్యత. సంజాయిషీ ఇవ్వడం కాదు. అడగాల్సినవి ఇవి: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ ఆస్పత్రికి పద్దులవారీ కేటాయింపు, విడుదల, ఖర్చు, మార్చి 31 నాటికి మిగిలిన నిల్వ, పైన చెప్పిన మూడు వరుసల పోస్టుల వివరం, నెలవారీ ఓపీ సంఖ్య, ల్యాబ్ పరీక్షల నెలవారీ సంఖ్య, మందుల ఇండెంటు, సరఫరా కాపీలు. అయిదారు ప్రశ్నలు మించితే ‘సమాచారం పెద్దది’ అని సాగదీస్తారు. కాపీలకు పేజీకి 2 రూపాయలు. పేజీలు వందలు దాటేలా ఉంటే కాపీలు మానేసి రికార్డు తనిఖీ కోరండి. మొదటి గంట ఉచితం. రిజిస్టరు కళ్లారా చూస్తే కాపీలో దొరకనివి దొరుకుతాయి, తెల్ల ఇంకు పూసిన చోట్లతో సహా.

మార్చి 31 నిల్వ ఎందుకంటే, డబ్బు మిగిలిపోయిన ఆస్పత్రికి ఇంకా కావాలని అడిగితే ‘ముందు ఉన్నది ఖర్చుపెట్టండి’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అది న్యాయమైన జవాబే. మిగలడానికి కారణాలు మాత్రం వేరే ఉంటాయి: విడుదల ఫిబ్రవరిలో జరగడం, టెండరు తెమలకపోవడం, జీతం డబ్బు వచ్చినా మనిషి లేకపోవడం, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం పంపకపోవడం. ఏ కారణమో పట్టుకుంటే మీ కోరికే మారిపోతుంది. కొత్త డబ్బు కాదు, ఉన్న డబ్బు కదలడం కావాలి.

లెక్క వేయడం

కోరికకు ఖరీదు మీరే వేయండి. వేయకపోతే వాళ్లు వేస్తారు, వాళ్లు వేస్తే ఎక్కువే వేస్తారు. జీతం అంకెను ఊహించవద్దు. ఆ హోదాకు ఇటీవల వచ్చిన మిషన్ నియామక ప్రకటనలో నెల మొత్తం ఉంటుంది, అదే తీసుకోండి. లెక్క తీరు చూపడానికి మాత్రమే ఇక్కడ అంకెలు: టెక్నీషియన్‌కు నెలకు 18,000 అనుకుంటే ఏడాదికి 2,16,000. రోజుకు 30 పరీక్షలు, 300 రోజులు, పరీక్షకు రసాయనాలు 20 రూపాయలు అనుకుంటే 1,80,000. మొత్తం 3,96,000. ఆస్పత్రి పరిధిలో 45,000 మంది ఉంటే మనిషికి ఏడాదికి 8 రూపాయల 80 పైసలు. పక్కన సర్వేలో తేలిన మీ అంకె పెట్టండి: ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్కో ఇల్లు పెట్టిన ఖర్చు.

డాక్టరు విషయంలో నిమిషాల లెక్క పనిచేస్తుంది. రోజుకు 110 మంది, ఓపీ ఆరు గంటలు, ఒక్కరే డాక్టరు అనుకుంటే రోగికి దక్కేది మూడు నిమిషాల చిల్లర. పాపం, రక్తపోటు చూడటానికే అది సరిపోదు.

యంత్రం ఒక్కటే అడగడం ఈ రంగంలో తరచూ జరిగే తప్పు. ఎంపీ నిధి ఏటా 5 కోట్లు, దాంతో ఆస్తులు సమకూర్చవచ్చు, జీతాలు ఇవ్వకూడదు. రక్తపరీక్షలు చేసే ఎనలైజర్ వస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు, నడిపే మనిషి ఉండరు. మనిషి ఉన్నా రసాయనాలు ఉండవు. కొన్ని యంత్రాలకు ఆ కంపెనీ రసాయనాలే పోయాలి, బయటివి పనికిరావు. కొనేముందే అది మూసిన రకమా, ఏ కంపెనీ రసాయనాలైనా పనికొచ్చే రకమా అని అడగండి. మూడేళ్ల నిర్వహణ ఒప్పందం ధరలోనే కలిపారా లేదా అన్నదీ అడగండి. కట్టడాల సంగతీ ఇంతే. కట్టడానికి డబ్బు పెట్టుబడి పద్దులోంచి వస్తుంది, ఆరోగ్యానికి అది 4210. నడపడానికి రెవెన్యూ పద్దు 2210. మొదటిదానికి మంజూరు రావడం సులువు, దాని మీద శిలాఫలకం ఉంటుంది కనుక. మీరు పట్టుబట్టాల్సింది రెండోదానికి.

అర్జీ

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఫిర్యాదు విన్నపాన్ని ఏ అధికారికైనా దేశంలోనో ఆ రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. తెలుగు అర్జీని తీసుకోననడానికి వీల్లేదు. అయినా తెలుగులో ఒక్కటే ఇవ్వడం మంచిది కాదు. తీసుకుంటారు, చదివేవాళ్లు లేక పక్కన పెడతారు. మొదటి పేజీ తమిళంలో పెట్టండి, వెనక జతచేసే రోగుల మాటలు తెలుగులోనే ఉండనివ్వండి, కింద ఒక్కో వాక్యం తమిళ సారాంశం చాలు. ఇక్కడి ఆఫీసు అర్జీలకు ‘పొరుళ్’ (విషయం), ‘పార్వై’ (సూచిక) అని రెండు శీర్షికలు తప్పనిసరి. పొరుళ్ కింద కోరిక ఒక్క వాక్యం. పార్వై కింద మీ సమాచార హక్కు జవాబు నంబరు, తేదీ. ఆ నంబరు చూడగానే గుమాస్తాకు అర్థమవుతుంది, ఇది లెక్కతో వచ్చిన కాగితమని.

లోపలి వాక్యాలు ఈ తీరులో ఉంటే చాలు: ‘ఫలానా పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు మంజూరై ఉంది, ఫలానా తేదీ నుంచి ఖాళీ. ఈ కాలంలో నెలకు సగటున ఇంతమంది గర్భిణులు, ఇంతమంది షుగర్ రోగులు రక్తపరీక్షకు బయటికి వెళ్లారు. ఏడాది ఖర్చు ఇంత. ఫలానా పద్దులో మార్చి 31 నాటికి ఇంత నిల్వ ఉంది. ఆ మొత్తంలోంచి కాంట్రాక్టు పద్ధతిన వెంటనే భర్తీ చేయాలని, వచ్చే ఏడాది అంచనాల్లో చేర్చాలని కోరుతున్నాము.’ ఒకే పేజీ, ఒకే కోరిక. కోరికలు ఆరు ఉంటే ఆరు అర్జీలు పెట్టండి. ఒకే కాగితంలో దోమలు, డ్రైనేజీ, డాక్టరు కలిపి రాస్తే అది మూడు విభాగాలు తిరిగి, ఎవరిదీ కాకుండా పోతుంది.

కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగులో అయినా జోన్ ఆఫీసులో అయినా, ఉత్తరాలు తీసుకునే తపాల్ సెక్షన్లో ఇచ్చి మీ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. పది రోజులయ్యాక వెళ్లి ఏ సెక్షన్‌కు పంపారో, న.క. నంబరు (ఆఫీసు ఆ ఫైలుకు ఇచ్చే నంబరు) ఏమిటో రాసుకోండి. తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ నంబరుతోనే మాట్లాడాలి. ఫోన్ ఫిర్యాదులకు 1913 ఉంది, చెత్తకూ దోమలకూ పనికొస్తుంది. పోస్టుకు పనికిరాదు, అక్కడ ఫిర్యాదును ‘పరిష్కరించాము’ అని మూసేస్తే మీ అర్జీకే దెబ్బ.

ఏ నెలలో ఏం చేయాలి

రాష్ట్ర బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. కార్పొరేషన్‌దీ దాదాపు అప్పుడే. ఎన్నికల ఏడాదైతే ముందు తాత్కాలిక పద్దు, కొత్త ప్రభుత్వం వచ్చాక పూర్తి బడ్జెట్. ఆ మధ్య నెలలు మనకు అదనంగా దొరికిన సమయం. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు కొత్త ప్రకటనలుండవు, అర్జీలు పేరుకుంటాయి. అప్పుడు ఆధారాలు పోగుచేసుకోండి, అధికారుల చుట్టూ తిరగకండి.

మామూలు ఏడాదిలో ఏప్రిల్, మే నెలల్లో కొత్త బడ్జెట్ పుస్తకాలు, శాసనసభ ముందుంచే విధాన వివరణ పత్రాలు చదవాలి. బడ్జెట్లో ఒక్కో శాఖ నిధుల కోరికను డిమాండు అంటారు: ఆరోగ్య శాఖది 19వ డిమాండు, పురపాలక శాఖది 34వది. పుస్తకంలో ఒక్కో పద్దుకు నాలుగు అంకెలుంటాయి: అంతకుముందు ఏడాది అసలు ఖర్చు, నిరుటి అంచనా, దాని సవరణ, ఈ ఏడాది అంచనా. పత్రికల్లో నాలుగోదే వస్తుంది. మీరు మొదటిదాన్ని అదే ఏడాదికి పాత పుస్తకంలో వేసిన అంచనాతో పోల్చండి, మాటకూ చేతకూ ఉన్న దూరం అక్కడ కనిపిస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా సర్వే, పట్టిక, సమాచార హక్కు. ఆగస్టు చివరికో సెప్టెంబరు మొదటికో అర్జీ లోపల పడాలి. శాఖలు వచ్చే ఏడాది అంచనాలు తయారుచేసేది శరదృతువులోనే. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం దిగిందంటే ఆరోగ్యాధికారులంతా డెంగీ, వరదనీరు పనిలో ఉంటారు. అప్పుడు కలవాలని పట్టుబడితే విసుక్కుంటారు, తప్పు వాళ్లది కాదు. డిసెంబరు, జనవరిలో ఇంకోసారి గుర్తుచేయడం. ఫిబ్రవరిలో పెట్టే అర్జీ ఆపై ఏడాదికి పనికొస్తుంది.

ఆరోగ్య మిషన్ లెక్క వేరే. దాని ప్రణాళిక 2022-24 నుంచి రెండేళ్లకోసారి. ఆస్పత్రి స్థాయి అవసరాలు నగరానికి, అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీలోని సమన్వయ కమిటీకి వెళ్తాయి. ఒప్పుకున్నవన్నీ ‘రికార్డ్ ఆఫ్ ప్రొసీడింగ్స్’ పేరుతో మిషన్ వెబ్‌సైట్లో పెడతారు. వందల పేజీల్లో ‘పట్టణ ఆరోగ్యం’ వరుసలు వెతికితే ఎన్ని పోస్టులు అడిగారు, ఎన్ని ఒప్పుకున్నారు, ఎందుకు కాదన్నారు అన్నీ దొరుకుతాయి. రాష్ట్రం అసలు అడగనే లేదని తేలితే ఢిల్లీని తిట్టి లాభం లేదు. మధ్యలో అనుబంధ ప్రణాళిక పంపే వీలుంది, దాన్ని మర్చిపోకండి.

ఎవరిని, ఏ వరుసలో

ముందు ఆస్పత్రి వైద్యాధికారి. ఆమెకు తెలియకుండా పైకి వెళ్తే మీ పట్టికను తప్పని నిరూపించడమే ఆమె పనవుతుంది. తెలిసి వెళ్తే ఆమె పంపిన పాత లేఖల కాపీలే మీకు ఆధారం కావచ్చు. ఆ తర్వాత జోన్ ఆరోగ్యాధికారి, నగర ఆరోగ్యాధికారి. సమాంతరంగా కౌన్సిలర్. చెన్నైలో 200 వార్డులు. 2022 ఫిబ్రవరి 19 ఎన్నికలతో ఏర్పడిన కౌన్సిల్ పదవీకాలం అయిదేళ్లు కనుక ఎవరి గడువు ఎప్పుడో చూసుకుని పని పెట్టుకోండి. కౌన్సిలర్‌కు నాలుగు పేజీల నివేదిక ఇవ్వకండి. ఆరోగ్య స్థాయీ సంఘంలోనో కౌన్సిల్లోనో అడగడానికి తమిళంలో రెండు వాక్యాల ప్రశ్న రాసిచ్చేయండి. వార్డులో స్థానికులతో జరిపే ఏరియా సభ పెట్టే తేదీ జోన్ ఆఫీసులో ముందే కనుక్కుని, తీర్మానం మినిట్స్‌లో రాయించండి. మైకులో మాట్లాడి ఇంటికొస్తే మాట గాలిలో పోతుంది.

ఎమ్మెల్యే వంతు శాసనసభలో ప్రశ్న. 19వ డిమాండు చర్చకు ముందు ఆయన చేతిలో మీ పేజీ ఉండాలి. విలేకరిని చివరికి పిలవండి. అధికారికి అర్జీ ఇచ్చి జవాబుకు నెలరోజులైనా గడువిచ్చాక పట్టిక ఇస్తే అది వార్త. ముందే ఇస్తే ఆరోపణ అనిపిస్తుంది. సంఘం లెటర్‌హెడ్ మీద ఏ నాయకుడి ఫొటోనూ పెట్టకండి. ప్రభుత్వం మారితే ఆ లెటర్‌హెడ్‌తో పాటే మీ ఫైలు కూడా పాతబడుతుంది. ఇంకో మాట: సంఘంలో తెలుగువాళ్లే కాకుండా అదే ఆస్పత్రికి వచ్చే తమిళ, ఉర్దూ కుటుంబాల సంతకాలూ ఉండాలి. ‘ఒక భాషవాళ్ల కోరిక’ అని పక్కనపెట్టే అవకాశం అసలు ఇవ్వకూడదు.

జవాబులు, వాటి తర్వాత

‘నిధుల్లేవు’ అంటే ఏ పద్దులో అని అడిగి, నిల్వ కాగితం ముందుంచండి. ‘మా పరిధి కాదు’ అంటే ఎవరి పరిధో రాసివ్వమనండి. రాసివ్వడం ఇష్టంలేక వాళ్లే పైకి పంపడం చాలాసార్లు జరిగేదే. ‘పరిశీలనలో ఉంది’ అంటే న.క. నంబరు, ప్రస్తుతం ఎవరి టేబుల్ మీద ఉందో. ‘విధాన నిర్ణయం’ అంటే మాత్రం ఆ అధికారి నిజమే చెబుతున్నారు. అక్కడినుంచి ఎమ్మెల్యే, మంత్రి పేషీ దారి పట్టాలి, ఆయన మీద కోపం పెట్టుకుని లాభం లేదు.

మంజూరు ఉత్తర్వు వచ్చిందని దండలు తేవద్దు, అప్పటికి సగం దూరమే వచ్చారు. ఉత్తర్వులో మూడు చూడండి: పోస్టు ఎంతకాలానికి, ఖర్చు ఏ పద్దుకు, ఆస్పత్రి పేరు ఉందా లేక ‘చెన్నై నగరానికి ఇన్ని పోస్టులు’ అని మాత్రమే ఉందా. పేరు లేకపోతే ఆ పోస్టు గట్టిగా అడిగిన ఇంకో జోనుకు వెళ్తుంది. కాబట్టి ఉత్తర్వు వచ్చిన వారంలోనే నగర ఆరోగ్యాధికారికి కేటాయింపు కోసం విడిగా ఒక పేజీ పెట్టండి. కాంట్రాక్టు పోస్టు అయితే గడువు తేదీకి నాలుగు నెలల ముందే పొడిగింపు అర్జీ వేయండి. చేరిన మనిషి ఆరు నెలలకల్లా డెప్యుటేషన్ మీద వెళ్లిపోవడం కొత్తేమీ కాదు. అందువల్ల మొదట అడిగిన ఆ మూడు వరుసల ప్రశ్నను ఏటా ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి అదే పది రూపాయల స్టాంపుతో మళ్లీ పంపుతూ ఉండాలి. ఆ పని ఎవరిదో సంఘం మినిట్స్ పుస్తకంలో పేరుతో రాసిపెట్టుకోండి.